ముప్పై నాలుగు పళ్ళు

52, 42. నా సైకిల్ పళ్ళ చక్రాల మీద చెక్కి ఉన్న అంకెలివి. పెడల్ దగ్గర చెయిన్ చుట్టుకునే చక్రాలు రెండున్నాయి దానికి. పెద్దదానికి యాభై రెండు పళ్ళు, చిన్నదానికి నలభై రెండు. సైకిల్ 1984 నాటిది, జపాన్‌లో తయారైన మియాటా. సన్నటి ఉక్కు పైపులు, ముదురు నీలం రంగు, వంకీ తిరిగిన హ్యాండిల్, గేర్లు మార్చే మీటలు హ్యాండిల్ మీద కాకుండా కింది పైపు మీద. పిట్స్‌బర్గ్‌లో ఒక గరాజ్ సేల్‌లో నూట ఇరవై డాలర్లకి దొరికింది. వయసులో నాకంటే పెద్దది.

ఈ వ్యాసం ఆ నలభై రెండుని ముప్పై నాలుగు చెయ్యడం గురించి. ఎనిమిది పళ్ళ కోసం ఇంత రాయాలా అంటారేమో. కథలో ఒక్క క్రియాపదం భూతకాలంలో ఉండాలా వర్తమానంలో ఉండాలా అని రాత్రి రెండింటి దాకా వాదించుకునే జనం మనం. కాస్త ఓపిక పట్టండి.

ముందు అవసరం సంగతి. మాకున్నది ఒకటే కారు. మార్చిలో మా ఆవిడకి ఊరికి తూర్పున ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండాలి, ఆ వేళకి సరిపడే బస్సు లేదు. కారు తనకి వెళ్ళిపోయింది. రెండో కారు అంటే నెలనెలా వాయిదా, ఇన్సూరెన్సు, డౌన్‌టౌన్‌లో పార్కింగు. కాగితం మీద వేసి చూసుకుని ఇద్దరం ఆ కాగితాన్ని మడిచేశాం. అప్పటిదాకా ఆదివారం సరదాగా తొక్కే మియాటా మా ఇంట్లో రెండో వాహనమైంది. పాత సైకిల్ ముచ్చట వేరు, దాని మీద రోజూ ఆఫీసుకి వెళ్ళి రావడం వేరు.

వెళ్ళడం హాయి. మేముండేది గ్రీన్‌ఫీల్డ్‌లో, కొండ మీద. దిగితే మనాంగహీలా నది ఒడ్డు, అక్కణ్ణుంచి ఊరి నడిబొడ్డు దాకా బల్లపరుపు సైకిల్ దారి. ఎలైజా ఫర్నెస్ ట్రయిల్ దాని పేరు. కౌంటీ జైలు పక్కనుంచి పోతుంది కాబట్టి అందరూ జైల్ ట్రయిల్ అంటారు. సాయంత్రం వచ్చేటప్పుడు అదే నది ఒడ్డు, అదే గాలి, చివర్లో మాత్రం గ్రీన్‌ఫీల్డ్ అవెన్యూ ఎక్కుడు. పిట్స్‌బర్గ్‌లో ఎక్కుడు లేని దారి ఎవరికీ రాసిపెట్టి లేదు. బీచ్‌వ్యూలో కాంటన్ అవెన్యూ అని ఒక రాళ్ళ వీధి ఉంది, వాలు 37 శాతం అని ఊరంతా గర్వంగా చెప్పుకుంటుంది. వెంకటేశ్వరుడు కూడా ఇక్కడ పెన్ హిల్స్‌లో కొండ చూసుకునే వెలిశాడు, 1976లో. మా ఎక్కుడు వీటి ముందు చిన్నదే. కానీ రోజూ ఉంటుంది. మూడో వారానికి కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పలకడం మొదలెట్టింది. ఫిజియోథెరపిస్టు రెండు వ్యాయామాలు నేర్పి, ఒక మాట చెప్పింది: బరువుగా తొక్కొద్దు, తేలిగ్గా ఎక్కువ చుట్లు తిప్పండి.

తేలిగ్గా తిప్పాలంటే గేరు ఉండాలి కదా.

లెక్క చూద్దాం. వెనక చక్రానికున్న ఫ్రీవీల్‌లో ఆరు పళ్ళ చక్రాలు, 14 నుంచి 28 పళ్ళ దాకా. అన్నిటికంటే తేలిక గేరు, ముందు 42, వెనక 28. ఈ గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ 3.23 మీటర్లు పోతుంది. నేను, సైకిలు, లాప్‌టాప్ సంచీ కలిపి 85 కిలోలు. ఎక్కుడు పది శాతం అనుకుందాం. ఆఫీసులో పదిగంటలు కూర్చుని లేచిన మనిషి ఓ 150 వాట్లు పుట్టించగలడనుకుందాం. అప్పుడు వేగం గంటకి ఆరు కిలోమీటర్లు, పెడల్ నిమిషానికి 31 చుట్లు. అంటే ఒక్కో చుట్టుకీ దాదాపు రెండు సెకన్లు, ఆ రెండు సెకన్లూ ఒక మోకాలు మార్చి ఒక మోకాలి మీద నిలబడ్డమే. ముందు 42 బదులు 34 ఉంటే చుట్టుకి 2.62 మీటర్లు, నిమిషానికి 39 చుట్లు. పెడల్ మీద వెయ్యాల్సిన బలం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. కొండ తగ్గదు, పని తగ్గదు. అదే పనిని చిన్న వాయిదాల్లో కట్టుకుంటాం.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ సైకిల్ రేసులవాళ్ళ కోసం చేసింది కాదు. టైర్లు కాస్త లావు, మడ్‌గార్డులు బిగించుకోడానికి కన్నాలున్నాయి, వెనక క్యారియర్‌కీ చోటుంది. మామూలు మనిషి కొనుక్కుని మామూలుగా తొక్కుకునే సైకిల్. మరి దీనికి 52/42 ఎందుకు పెట్టారు? ఆ రోజుల్లో రేసుల్లో తొక్కేవాళ్ళు అలాంటివి వాడేవాళ్ళు కాబట్టి. వాళ్ళని చూసి కొనేవాళ్ళకీ అదే కావాలి కాబట్టి. సాహిత్య విమర్శలో ఊహాపాఠకుడు అనే మాట వాడతాం. వోల్ఫ్‌గాంగ్ ఈజర్ పుణ్యమా అని ఆ ఊహ మనదాకా వచ్చింది. పుస్తకం తనలోనే ఒక పాఠకుణ్ణి ఊహించుకుంటుంది, ఆ కుర్చీలో మనం సర్దుక్కూర్చోవాలి. క్రాంక్‌సెట్ కూడా అంతే. నా క్రాంక్‌సెట్ ఊహించుకున్న మనిషికి ఇరవై మూడేళ్ళు, లాప్‌టాప్ లేదు, మోకాలి నొప్పి అసలే లేదు.

ఈ గొడవ కొత్తది కాదు, పైగా పత్రికల్లో జరిగిన గొడవ. ఫ్రాన్స్‌లో సెంతెత్యెన్ అనే ఊళ్ళో పోల్ ద వివీ అని ఒకాయన ఉండేవాడు (1853–1930). వెలోసియో అనే పేరుతో రాసేవాడు. 1887లో సొంతంగా ఒక సైకిల్ పత్రిక మొదలుపెట్టి బతికినంతకాలం నడిపాడు. శాకాహారి, ప్రయోగాల పిచ్చివాడు. ఊరి పక్కనే 1161 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది, దాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కుతూ సైకిల్‌కి ఒకటికంటే ఎక్కువ గేర్లుండాలని తేల్చుకున్నాడు. అవతలి పక్షంలో ఆంరీ దెగ్రాంజ్, టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకేనని, మిగతావాళ్ళు కండబలంతోనే గెలవాలని ఆయన వాదన. టూర్‌లో డీరెయిలర్‌ని 1937 దాకా రానివ్వలేదు. అంతవరకు మహా మహా వీరులు కూడా కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపున్న పెద్ద పళ్ళ చక్రం వచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. ఇద్దరూ పత్రికలవాళ్ళే, ఇద్దరికీ సైకిలంటే ప్రాణమే. ఒకాయన తొక్కేవాణ్ణి చూసి రాశాడు, ఇంకొకాయన చూసేవాణ్ణి చూసి రాశాడు. నేనెటువైపో చెప్పక్కర్లేదు కానీ, దెగ్రాంజ్ వాక్యాలే ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. సాహిత్యంలోనూ ఇంతేననుకుంటా.

సరే, మార్చాలి. ఏం మార్చాలి?

అన్నిటికంటే చవక దారి వెనకాల ఉంది. ముందు 42 అలాగే ఉంచి, వెనక 34 పళ్ళున్న ఫ్రీవీల్ పెట్టుకోవచ్చు. లెక్క దాదాపు సమానం. నేను దీన్ని కొట్టిపారెయ్యలేదు, రెండు రోజులు ఆలోచించాను. చిక్కేమిటంటే ఆ ఫ్రీవీళ్ళలో 24 తర్వాత ఒక్కసారిగా 34 ఉంటుంది. ఎక్కుడు మధ్యలో, ఊపిరి అందని చోట, కాళ్ళ కింద మెట్టు మాయమైనట్టుంటుంది. పైగా నా పాత డీరెయిలర్ అంత పెద్ద చక్రాన్ని అందుకోలేదు, దాన్నీ మార్చాలి. చవక దారి అక్కడితో చవక కాకుండా పోయింది.

రెండోది, ఉన్న క్రాంక్‌కే చిన్న పళ్ళ చక్రం బిగించడం. ఇది ఎంతవరకు కుదురుతుందో చెప్పేది ఒక్క కొలత. క్రాంక్‌కి అయిదు చేతులుంటాయి, ఒక్కో చేతి చివర ఒక బోల్టు. ఆ అయిదు బోల్టులూ ఒక వృత్తం మీద కూర్చుంటాయి. దాని వ్యాసం ఎంతైతే, దానికంటే చిన్న చక్రం పట్టదు. పాత కాంపాన్యోలో రేసు క్రాంకులకి 144 మిల్లీమీటర్లు, కాబట్టి 41 పళ్ళకి తక్కువ కుదరదు. 130 అయితే 38 దాకా దిగొచ్చు. 110 అయితే 34, లాగితే 33. మధ్యలో ఇరుసు అడ్డం కాబట్టి వ్యాసం నేరుగా కొలవలేం. పక్కపక్క బోల్టుల మధ్య దూరం కొలిస్తే చాలు: 64.7 వస్తే 110, 76.4 వస్తే 130, 84.6 వస్తే 144. నాది 76.4 వచ్చింది. అంటే 38 దాకానే. ఓ పాతిక డాలర్లతో సగం సుఖం. సగం సుఖం వద్దనుకున్నాను.

ఈ కొలతలన్నీ ఎక్కడ దొరికాయో చెప్పకపోతే పాపం. మనకి బ్రౌన్ అంటే ఒకడే బ్రౌన్, 1852లో నిఘంటువు అచ్చేసిన సి.పి. బ్రౌన్. సైకిళ్ళవాళ్ళకీ ఒక బ్రౌన్ ఉన్నాడు. షెల్డన్ బ్రౌన్ (1944–2008), మసాచుసెట్స్‌లో ఒక సైకిల్ దుకాణంలో పనిచేస్తూ, ప్రపంచంలోని ప్రతి నట్టుకీ మరకీ అర్థం రాసిపెట్టాడు. ఏ దేశం మర ఎటువైపు తిరుగుతుందో, ఏ కంపెనీ ఇరుసు ఏ క్రాంక్‌లో కూర్చుంటుందో, అన్నీ. ఇంగ్లీషు మర సైకిళ్ళలో కుడివైపు కప్పు ఊడదీయాలంటే మామూలుకి వ్యతిరేకంగా తిప్పాలి. పాత ఫ్రెంచి వాటిలోనూ ఇటాలియన్ వాటిలోనూ అలా కాదు. మన బ్రౌన్ రాజమండ్రి మాటా కడప మాటా ఒకేచోట చేర్చినట్టు, ఈ బ్రౌన్ కూడా ఏ ఊరి మరనీ తక్కువ చెయ్యలేదు. మధ్యమధ్యలో ఏప్రిల్ ఒకటో తారీఖు వేళాకోళాలు కూడా రాశాడు, ముఖం మీద నవ్వు కనపడనివ్వకుండా. ఆయన నిఘంటువుని వచనంగా చదివి ఒక సమీక్ష రాయాలని నాకెప్పట్నుంచో ఉంది.

ఇక మిగిలింది కొత్త క్రాంక్‌సెట్ కొనడం. 110 వృత్తం మీద 50/34 పళ్ళ జోడీకే కాంపాక్ట్ అని పేరు. ఈ శతాబ్దం మొదట్లో రోడ్డు సైకిళ్ళలో స్థిరపడింది. షిమానో లాంటి కంపెనీల ఆధునిక క్రాంక్‌సెట్లు నా ఫ్రేమ్‌లో ఇబ్బంది లేకుండా కూర్చుంటాయి, వాడేసినవి తక్కువకే దొరుకుతాయి, గట్టిగా ఉంటాయి. ఇంజనీరుగా నా ఓటు దానికే వెయ్యాలి. కానీ ఆ లావుపాటి నల్లటి చేతుల్ని ఈ సన్నటి నీలం పైపుల పక్కన ఊహించుకుంటే పట్టుపంచె మీద జిమ్ షూ వేసుకున్న పెళ్ళికొడుకు కనిపించాడు. అందానికి విలువ లేదంటే నేను పుస్తకాల గురించి రాయడం కూడా మానేసుకోవాలి. పాత ఫ్రెంచి పద్ధతిలో, 50.4 మిల్లీమీటర్ల చిన్న వృత్తంతో ఇవాళ మళ్ళీ తయారుచేస్తున్న వెండి రంగు క్రాంకులున్నాయి. 46/30 కూడా పడుతుంది వాటిలో. కళ్ళు తిప్పుకోలేం. వాటి ధర నా సైకిల్ ధరని దాటిపోయింది.

అసలు 50/34 మీదే నాకు అనుమానం. మోకాళ్ళకి తేలికని అమ్మే ఈ జోడీలో కూడా పెద్ద చక్రం ఇంకా రేసువాడిదే. నా టైర్లతో 46/14 గేరులో నిమిషానికి తొంభై చుట్లు తిప్పితే గంటకి 38 కిలోమీటర్ల వేగం. జైల్ ట్రయిల్ మీద, పిల్లలూ కుక్కలూ నడిచేచోట, నేను అంతకంటే వేగంగా ఎందుకు పోవాలి? దిగుడులో అయితే తొక్కే పనే లేదు, బ్రేకులతోనే పని. ఇంకో సంగతి, ముందు రెండు చక్రాలకీ మధ్య తేడా పెరిగేకొద్దీ డీరెయిలర్ ఎక్కువ చెయిన్ సడలింపు లాగిపట్టుకోవాలి. ముందు తేడానీ వెనక తేడానీ కలిపి చూస్తారు. పాత 52/42తో మొత్తం 24 పళ్ళు. 50/34తో 30, చెయిన్ వేలాడుతుంది. 46/34తో 26, నలభై ఏళ్ళ డీరెయిలర్ నెట్టుకొస్తుంది. కాబట్టి నాక్కావాల్సింది 46/34. ఆ అంకెలతో అట్ట పెట్టెలో పెట్టి అమ్మేవి, నా బడ్జెట్లో, నా సైకిల్‌కి నప్పేవి నాకు కనపడలేదు.

చివరికి అది ఒక బకెట్లో దొరికింది. మా ఊళ్ళో వాలంటీర్లు నడిపే సైకిల్ వర్క్‌షాప్ ఒకటుంది. జనం ఇచ్చేసిన పాత సైకిళ్ళని విప్పి, భాగాలు వేరుచేసి బకెట్లలో పోస్తారు. క్రాంకుల బకెట్లో ఎడమ చేతులు కుప్పలు, వాటికి జోడీ కుడి చేతులు మాత్రం ఏమైపోతాయో తెలీదు. అక్కడ పనిచేసే నెరిసిన జుట్టు పెద్దావిడ నేను కాగితం మీద రాసుకున్న అంకెలు చూసి, రోడ్డు సైకిళ్ళ అల్మరా వైపు కాకుండా ఎనభైల నాటి మౌంటెన్ బైకుల మూలకి చెయ్యి చూపించింది. అప్పుడర్థమైంది. కాంపాక్ట్ అని పేరు పెట్టి అమ్మడానికి ఇరవై ఏళ్ళ ముందే ఆ మౌంటెన్ బైకులకీ, సామాను కట్టుకుని దేశాలు తిరిగే టూరింగ్ సైకిళ్ళకీ 110 వృత్తం మామూలు. మూడు చక్రాల క్రాంకులవి. ఒక సుగినో జత దొరికింది, 170 మిల్లీమీటర్ల చేతులు, నా మియాటా ఈడుదే. పదిహేను డాలర్లు. చిన్న చక్రం తీసేసి మధ్యలో 34, బయట 46 పెట్టుకుంటే సరి. 46 దానితోనే వచ్చింది, పళ్ళు బాగానే ఉన్నాయి. మధ్యది అరిగి కొక్కేల్లా వంగిపోయింది, ఎలాగూ మార్చాల్సిందే.

బకెట్లోంచి క్రాంక్ ఏరుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. అయిదు చేతులూ కలిసే మూలల్లో గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి, వెంట్రుకంత పగులున్నా వదిలెయ్యండి. అల్యూమినియం చెప్పి విరగదు. ఇరుసు కూర్చునే చదరపు కన్నం అంచులు గుండ్రమైతే అది ఇక బిగుతుగా నిలవదు. పెడల్ మరలు వేలితో తడిమి చూడండి. జపాన్ క్రాంక్‌కి జపాన్ కొలత ఇరుసే వెయ్యండి. ఇటాలియన్ ఇరుసు కొన సన్నం, దాని మీద క్రాంక్ మరీ లోపలికి దూరిపోతుంది.

ఇరుసు పొడుగు మీదే నాకు ఎక్కువ రోజులు పట్టింది. మూడు చక్రాల క్రాంక్‌కి పొడుగు ఇరుసు కావాలి, రెండే వాడితే అంత అక్కర్లేదు. చెయిన్ ముందూ వెనకా ఒక వరుసలో ఉండాలి కాబట్టి ఇరుసు పొట్టిదవ్వాలి. మరీ పొట్టిదైతే 34 ఫ్రేమ్ పైపుకి రాసుకుంటుంది. 113 మిల్లీమీటర్ల కార్ట్రిడ్జ్ తెచ్చి బిగించి, మధ్యలో కాగితం మడిచి దూర్చి చూశాను. నాలుగు మడతలు పట్టింది. చాలు.

బిగిస్తుండగా రాజమండ్రి నుంచి నాన్న వీడియో కాల్ చేశారు. ఫోన్ డబ్బాకి ఆనించి పని కానిస్తున్నాను. ఆయన కాసేపు చూసి, "ఏరా, కాటర్ పిన్ను ఏదీ దీనికి?" అన్నారు.

"దీనికి పిన్నుండదు నాన్నా. ఇరుసు నాలుగు పలకలుంటుంది. బోల్టు బిగిస్తే దానిమీదకి ఎక్కి కూర్చుంటుంది."

"లూజైతే?"

"మళ్ళీ బిగించడమే."

"పిన్నయితే సుత్తుచ్చుకుని రెండు దెబ్బలేస్తే పోయేది. ఎంతయింది?"

క్రాంక్ 15, కొత్త 34 చక్రం 22, కార్ట్రిడ్జ్ 28, చెయిన్ 18. "ఎనభై మూడు డాలర్లు."

ఆయన మనసులో గుణించుకోవడం తెర మీద కనిపించింది. "ఏడు వేలా! ఇక్కడ కొత్త సైకిలొస్తది కదరా."

నాన్న పదకొండేళ్ళు కొవ్వూరులో పనిచేశారు. రాజమండ్రి నుంచి రోడ్డు-కం-రైలు వంతెన మీద సైకిల్ మీదే వెళ్ళొచ్చేవారు, హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని. అక్కడ కొండల్లేవు, గోదారి మీద ఎదురుగాలి ఉంది. ఎదురుగాలి ఎక్కువైతే ఏం చేసేవారని అడిగాను.

"ఏం చేస్తాం, దిగి నడిపించుకుపోడమే. అదేవన్నా నామోషీయా?"

ఆయనకి రెండో గేరు నడక. ఆ సైకిల్ ఊహించుకున్న మనిషి కూడా అలాంటివాడే. వెనక బస్తా వేసుకుంటాడు, ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుంటాడు, బరువైతే దిగుతాడు. దెగ్రాంజ్‌తోగానీ వెలోసియోతోగానీ పని లేనివాడు. ఇబ్బందేంటంటే నాన్న మాట లెక్కలో కూడా నిలబడుతుంది. నేను ఎక్కే వేగం గంటకి ఆరు కిలోమీటర్లని పైన నేనే రాశాను. చురుగ్గా నడిచే మనిషి వేగం కూడా దరిదాపుల్లో అదే. సైకిల్ తోసుకుంటూ, సంచీ మోస్తూ ఎత్తు మీద అంత వేగం రాదని వాదించొచ్చు, వాదించాను కూడా. ఆయన "సర్లే" అన్నారు. నాకు దిగకుండా ఎక్కాలని ఉంది. దానికి అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ముందు డీరెయిలర్‌ని 12 మిల్లీమీటర్లు కిందికి దించాను. ఆరు పళ్ళు తగ్గితే చక్రం అంచు అంతమేర దిగుతుంది. పట్టీ విప్పితే దానికింద నలభై ఏళ్ళుగా ఎండ తగలని నీలం బయటపడింది, ఉంగరం తీసిన వేలి మీద మచ్చలాగ. మిగతా ఫ్రేమంతా ఒకప్పుడు ఆ రంగే అన్నమాట.

ఆరు వారాలైంది. మొదటి రోజు ఎక్కుడు మధ్యలో అలవాటుగా ఇంకో గేరు కోసం మీట లాగబోయాను, అప్పటికి నేనింకా 24 మీదే ఉన్నాను, 28 మిగిలే ఉంది. మోకాలు మెట్ల దగ్గర ఇప్పుడు పలకడం లేదు. వ్యాయామాల వల్లా, 34 వల్లా అని మా ఆవిడ అడిగింది. రెండూ ఒకే వారం మొదలెట్టాను కాబట్టి శాస్త్రీయంగా చెప్పడానికి లేదన్నాను.

ఒక్కటే బాధ. కొత్త చెయిన్ పాత ఫ్రీవీల్‌తో పడట్లేదు. ఇన్నాళ్ళూ 42 మీద నేను ఎక్కువగా వాడిన 21 పళ్ళ చక్రం బాగా అరిగిపోయి ఉంది. గట్టిగా తొక్కితే చెయిన్ దానిమీద ఎగిరి పడుతోంది. 14–28 ఫ్రీవీల్ కొత్తది ఇరవై డాలర్ల లోపే వస్తుంది. పాతది ఊడదీయడానికి దానికి సరిపోయే పనిముట్టు కావాలి, వర్క్‌షాప్‌లో ఉందట. శనివారం పదింటికి తెరుస్తారు.